అన్నయ్య పోసిన నీళ్ళు

తుంటి ఎముక విరిగి నాలుగు నెలలు కూతురి దగ్గర ఉండి, కర్ర పట్టుకుని నడవడం వచ్చిన మొదటి ఆదివారమే ఆవిడ అన్నయ్య ఇంటికి బయల్దేరింది. మొక్క కోసం. అది ఆవిడ భర్త పెంచిన ఆర్కిడ్. వాచీలు బాగుచేసే మనిషి ఆయన, పోయి రెండేళ్ళయింది. కింద పడ్డ రోజున స్ట్రెచర్ మీద నుంచే అన్నయ్య చెయ్యి పట్టుకుని, "మొక్క జాగ్రత్త, వారానికోసారి నీళ్ళు చాలు" అని అప్పగించింది.

అన్నయ్య ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైనవాడు. సాయంత్రమైతే ఆయన అరుగు మీద పక్కింటి దర్జీ, ఎదురింటి పాత పోస్టుమాన్ చేరతారు. ఆయన చెప్పేదాంట్లో నిజం ఏపాటిదో ఇద్దరికీ తెలుసు. అయినా వస్తారు.

"రా తల్లీ, ఇలా కూర్చో" అంటూ అన్నయ్య కుర్చీ జరిపాడు.

"మొక్కేది అన్నయ్యా?"

"దాని సంగతే చెప్పబోతున్నా వీళ్ళకి. మొదట్నుంచీ విను. నువ్వు ఆసుపత్రికెళ్ళిన మర్నాడు కుండీ చూద్దును కదా, లోపల చారెడు మట్టి లేదు, అన్నీ బెరడు ముక్కలూ బొగ్గులూనూ. బావ వాచీల మనిషి, అంతా చిన్న చిన్నగా చేస్తాడు, నాది బస్సు చెయ్యి, నాకలా కుదరదు. అందుకని పెద్ద కుండీ తెచ్చాను. బొగ్గులు నేనే కాల్చాను. ఇటుక తెచ్చి గోరంత గోరంత ముక్కలు కొట్టాను. ఏడు రకాల చెట్ల బెరడు ఏడు రోజులు నానబెట్టాను. ఆ పైన నల్లమట్టి పోసి, ఇదిగో, ఈ పిడికిలితో బాగా అదిమాను."

"మట్టి పోశావా?" అందావిడ.

"మట్టంటే ఉత్త మట్టి కాదులే. జల్లెడ పట్టిన మట్టి. ఇక నీళ్ళ సంగతి. పొద్దున చెంబుడు, సాయంత్రం చెంబుడు. ఒక్క పూట తప్పలేదు."

కుండీలో మట్టి ఎందుకు వెయ్యరని ఈ మొక్క తెచ్చిన కొత్తలో ఆవిడే భర్తని అడిగింది. ఈ వేళ్ళు చెట్టు కొమ్మల మీద గాలిలో వేలాడేవి, మట్టిలో పెడితే ఊపిరాడదని చెప్పాడాయన. వేరు తెల్లగా ఉంటే దాహం, పచ్చగా ఉంటే తాగేసిందని, చెయ్యి పట్టుకుని చూపించాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నయ్య దర్జీ వైపు తిరిగాడు. "పది రోజులకి మొగ్గ. పదిహేనో రోజుకి నలభై మొగ్గలు. పూల కాడ కిటికీలోంచి బయటికెళ్ళి పై అంతస్తు దాటి డాబా ఎక్కింది. పైవాటా ఇల్లాలు దాని మీద దుప్పట్లు ఆరేసుకుంది, తడి దుప్పట్లయ్యా, కాడ బెత్తెడు కూడా వంగలేదు."

"మేమెవరమూ చూళ్ళేదే" అన్నాడు దర్జీ.

"నువ్వు మిషను మీంచి తలెత్తితే కదా. వేళ్ళ మాట చెబితే ఇంకేమంటావో. నా రెండు చెంబులు చాలక గోడ దిగి, మేడ మీది ట్యాంకు వెతుక్కుని పోయాయి."

"మేడ మీదికి ఎక్కాలి గానీ దిగడమేమిటి?" అన్నాడు పోస్టుమాన్.

"దిగి, దారి కనుక్కుని, ఎక్కాయి. తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. ప్లంబరొచ్చి పైపంతా విప్పి చూసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఇంతలో పూలు విచ్చాయి. ఒక్కో రేకు గొడుగంత. మొన్న పెద్ద వాన కురిసినప్పుడు స్టాపులో నిలబడ్డ పదకొండుమంది వచ్చి ఒక్క పువ్వు కింద నిలబడ్డారు, ఒక్కరి చొక్కా తడిస్తే ఒట్టు. ఆ వాసనకి బస్సులు వాటంతటవే ఆగిపోయేవి, నా సర్వీసులో బ్రేకు తొక్కకుండా బస్సాగడం అదే చూడ్డం. పైన విమానం కూడా రెండు చుట్లు తిరిగి..."

ఆవిడ పువ్వుల మాట వినడం లేదు. అన్నయ్యనే చూస్తోంది. కోతలు కోసేటప్పుడు ఆయన ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తాడు, చిన్నప్పట్నుంచీ అంతే. ఇవాళ ఒక్కసారి కూడా తన మొహం చూడలేదు.

"ఎప్పుడు చచ్చిపోయిందన్నయ్యా?"

విమానం అక్కడే ఆగిపోయింది. దర్జీ తల దించుకున్నాడు. అన్నయ్య లేచి లోపలికెళ్ళి పెద్ద మట్టి కుండీ రెండు చేతులా మోసుకొచ్చి ఆవిడ ముందు పెట్టాడు. మట్టి ఇంకా తడిగానే ఉంది. ఆవిడ కాండం పట్టుకుని లాగితే కుళ్ళిన వాసనతో ఊడి చేతికొచ్చింది. మొక్క వేళ్ళు నానిన దారాల్లా ఆవిడ చేతికి అంటుకున్నాయి. పచ్చనిది ఒక్కటి లేదు.

"నెలన్నరయింది" అన్నాడు.

"మరి ఈ తడేమిటి?"

"ఇవాళ పొద్దున కూడా పోశాను." ఆయన గొంతు ఇప్పుడు అరుగు దాటి వినిపించేలా లేదు. "నువ్వు వారానికోసారన్నావు. నాకు గుర్తుంది. కానీ నీకు ఆపరేషనైన రోజున దీని ఆకొకటి పసుపు తిరిగింది. ఇది పోతే నువ్వు కూడా... అనిపించింది. ఏం చెయ్యాలో తెలీక నీళ్ళు పోశాను. ఎండినట్టు కనబడితే ఇంకో చెంబు పోశాను."

ఆవిడ చేతిలోని కాండాన్ని కాసేపు చూసింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఆయన దీనికి ముందు పదకొండు చంపారు" అంది. "అన్నీ నీళ్ళెక్కువయ్యే. ఎవరైనా మొక్కేదంటే, ముచ్చటపడి అడిగితే ఇచ్చేశాననేవారు. నీతో కూడా అన్నారు, తొమ్మిదో దాని సంగతి."

"ఎవరో డాక్టరుకిచ్చానన్నాడు" అన్నాడు అన్నయ్య మెల్లగా.

"డాక్టరూ లేడు, ఎవరూ లేరు. మా పెరటి గోడ పక్కన పాతిపెట్టింది నేనే."

అన్నయ్య ఆ సాయంత్రం మొదటిసారి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, తుడుచుకోలేదు.

"వచ్చే ఆదివారం నర్సరీకి తీసుకెళ్ళు" అందావిడ. "నేను వంగలేను. బెరడూ బొగ్గులూ నువ్వు వెయ్యి, నేను పక్కనుండి చెబుతాను."

ఆయన తలూపాడు. పోస్టుమాన్ మాట కలిపాడు.

"ఇంతకీ డ్రైవరు గారూ, ఆర్కిడ్‌కి నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో ఎలా తెలుస్తుందండీ? మా కోడలు కూడా ఒకటి తెచ్చింది."

అన్నయ్య అలవాటుగా గొంతు సవరించుకుని నిటారుగా కూర్చున్నాడు. ఇద్దరూ ముందుకు వంగారు.

"నాకు తెలీదు" అన్నాడు. "చెల్లాయినడగండి."