సూరప్పడి వేలు, పోలమ్మ ఫోను

సూరప్పడు వేలితో పాకం చూసేవాడు బాబూ. గానుగ పాకలో బెల్లం వండతంటే, పెనంలోంచి గరిటెతో ఇంత పాకం తీసి, పక్కనున్న నీళ్ళ ముంతలో వేసి, అందులోనే వేళ్ళతో తడిమి ఉండ చేసి చూసి, "ఇంకా లేతే" అనేవాడు, లేకపోతే "దించండి" అనేవాడు. ఆ ఒక్క మాట మీద నాలుగు ఊళ్ళ బెల్లం నడిచేది. ముందే దించేసావనుకో, దిమ్మ కట్టదు, కారిపోతాది. కాస్త ఆలీసమైందనుకో, నల్లబడిపోతాది. నేనప్పుడు ఆ పెనం కింద పొయ్యిలో పిప్పి ఎగదోసేదాన్ని. పిప్పంటే చెరుకు ఆడేసాక మిగిలిన తుక్కు, ఎండబెట్టి మంటకేస్తాం. నీకు తెలీదేమోనని చెప్తన్నాను. అంచేత గానుగ కాడ జరిగిందంతా నేను కళ్ళారా చూసిందే. ఇంట్లో జరిగింది మాత్రం పోలమ్మ చెప్పింది, అందులో ఆవిడ కలిపిందెంతో నాకు తెలీదు.

పోలమ్మెవరంటావా, సూరప్పడి పెళ్ళాం. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, కానీ ముందు నోరే కనబడతాది. మూడేళ్ళ కిందట సూరప్పడికి సుగరొచ్చిందన్నారు. డాక్టరు మాత్రలిచ్చాడు. ఇంటికొచ్చాక పోలమ్మ ఏటి చేసిందంటే, మొగుణ్ణి ఎదురుగా నిలబెట్టి, ఆడి చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుని, "మావా, బెల్లం నోట్లో పెట్టనని ఒట్టెయ్యి" అన్నాదంట. ఆడు వేసాడు. ఇప్పుడు నువ్వే ఆలోచించు బాబూ. పొద్దున్నించి సాయంత్రం దాకా పెనం ముందు కూర్చోవాల. ఆ వాసన, ఆ ఆవిరి. పాకలో ఉన్నోళ్ళందరం నాకతానే ఉంటాం, అరే, నేనూ నాకతాను, దాచడమెందుకు. "ఒక్క చుక్క నాలిక మీద వేసుకుంటే ఏటైపోతాదిరా" అంటే, "ఒట్టేసాను" అనేవాడు, అంతే. అంతకు ముందు నాలికతోనూ చూసేవాడు, వేలితోనూ చూసేవాడు. ఒట్టేసాక వట్టి వేలితోనే. అయినా పాకం ఒక్కసారీ తప్పలేదు.

అలగ ఉండగా ఏటైందంటే, పోలమ్మ తమ్ముడు సింహాచలం చోడవరంలో మందుల షాపు నడుపుతాడు, ఆడొకరోజు ఒక మిషను పట్టుకొచ్చాడు. ఇంతే ఉంది, అగ్గిపెట్టంత. "బావా, కొత్తగా వచ్చింది, కంపినీ వాళ్ళు వాడి చూసి ఎలగుందో చెప్పమన్నారు, నీకంటే మంచోడు నాకెవడు దొరుకుతాడు" అన్నాడంట. వేలికి సూదితో పొడవాల, నెత్తురు చుక్క స్ట్రిప్పుకి అంటించాల, సుగరెంతో మిషను చూపిస్తాది. అంతవరకూ మనకి తెలిసిందే. కొత్తేటంటే, అది ఫోనుకి అతుక్కుంటాదంట. వైరూ లేదు, ఏటీ లేదు. సూరప్పడి ఫోనుకి వస్తాది, ఆ ఫోనులోంచి పోలమ్మ ఫోనుకి, గాజువాకలో ఉన్న కూతురు వరహాలు ఫోనుకి, సింహాచలం ఫోనుకి కూడా ఎల్లిపోతాది. అంటే ఆడు గానుగ కాడ వేలు పొడుచుకుంటే మూడిళ్ళల్లో టింగుమంటాది. పైగా ఫోనులో ఒక ఆడమనిషి గొంతుతో తెలుగులో చెప్తాది కూడా. "చేతులు కడుక్కుని పొడుచుకో బావా, పొద్దున్న తినక ముందొకసారి, మధ్యాన్నం తిన్నాక ఒకసారి" అని చెప్పి సింహాచలం బస్సెక్కీసాడు.

మర్నాడు పొద్దున్న ఇంటికాడ చూసుకున్నాడు. నూట ఇరవై ఆరు. పోలమ్మ మురిసిపోయింది. వీధిలో అందరికీ ఫోను చూపించింది, మా ఇంటికీ వచ్చి చూపించింది. మధ్యాన్నం గానుగ కాడ చద్దిమూట విప్పి తిన్నాడు, గంటన్నర ఆగాడు. మాకందరికీ చూపించాలని సరదా కదా, పెనం పక్కనే కూర్చుని, ముంతలో చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, చటుక్కున పొడుచుకున్నాడు. మేం పదిమందిమి మూగాం. ఫోను ఏటన్నాదనుకున్నావు? "మీ సుగరు నాలుగు వందల ఎనభై ఏడు. చాలా ఎక్కువగా ఉంది. వెంటనే డాక్టరుని కలవండి" అన్నాది, అదీ ఎంత మర్యాదగానో. సూరప్పడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆడింకా ఫోను కింద పెట్టలేదు, అది మోగింది. పోలమ్మ. "ఏటి తిన్నావు?" అంది. "నువ్వు కట్టిన అన్నమే తిన్నానే." "అన్నానికి నాలుగొందల ఎనభై వస్తాదా? పెనంలో చెయ్యెట్టావు కదూ?" "నీ మీద ఒట్టే, ముట్టుకోలేదు." "నా మీద ఒట్టేసి తిన్నావంటే, నేను పోయినా పర్లేదన్నమాట!" అని పెట్టీసింది. ఫోను ఆడి చెవి కాడుంది గానీ ఆవిడ మాట మాకందరికీ ఇనబడింది.

ఇక అక్కణ్ణించి రోజూ ఇదే గోల. ఇంటికాడ పొద్దున్న నూట ఇరవై, నూట ముప్పై. గానుగ కాడ మధ్యాన్నం నాలుగొందల యాభై, అయిదొందల పది. పోలమ్మ లెక్క పోలమ్మది, తప్పు పట్టలేం. ఇంట్లో బాగుండి గానుగ కాడ పెరిగిందంటే, గానుగ కాడ తింటన్నాడన్న మాటే కదా. మనమైనా అదే అనుకుంటాం. అన్నం తగ్గించీసింది, చద్దిమూటలో కాకరకాయ కూరా, చోడి రొట్టీ, అదే రాగి రొట్టీ, పెట్టి పంపింది. అయిదొందల రెండు. సూరప్పడికే అనుమానం వచ్చింది పాపం, నాతో "పైడమ్మక్కా, ఆవిరి పీల్చినా సుగరెక్కుతాదేమోనే" అని ముక్కుకి తువ్వాలు బిగించి కట్టుకుని కూర్చున్నాడు. మేం పడిపడి నవ్వాం. బందిపోటులాగున్నావురా అన్నాం. ఆడు నవ్వలేదు. ఆ రోజు నాలుగొందల తొంభై.

శుక్రవారం నాడు పోలమ్మ తేల్చి చెప్పీసింది. "ఆదివారం దాకా కోసిన చెరుకుంది, అది వండీ. ఆ తర్వాత పెనం మొహం చూడకు. సోమవారం డాక్టరు కాడికెల్దాం, సూదిమందు పెడతారంట" అన్నాది. పెనం దిగడమంటే ఆడికి ఏటో నీకెలగ చెప్పను. పదహారేళ్ళప్పుడు వాళ్ళయ్య పక్కన కూర్చుని నేర్చుకున్న పని. అయినా దానికి కాదు ఏడ్చాడు. పొయ్యి కాడ నా పక్కన కూలబడి, "అక్కా, పెనం పోతే పోయింది. ఈ వారంలో చుక్క ముట్టలేదని ఎన్నిసార్లు చెప్పినా, అది నా మొహం చూడదే, ఫోను చూస్తాది. నీ నెత్తురే చెప్తంది కదా, ఇంక నువ్వు చెప్పేదేటి అంటాది. దాని కళ్ళల్లో నేను దొంగనైపోయాను" అన్నాడు. నేను ఇంకో రెండు దోసిళ్ళ పిప్పి పొయ్యిలోకి తోసాను. మంట ఎక్కువైపోయి మళ్ళీ ఆడి చేతే తిట్లు తిన్నాను.

శనివారం పొద్దున్న ఏటైందంటే, ఆడు మిషనూ ఫోనూ రెండూ అరుగు మీద పడీసి, "నీ దేవతని నువ్వే ఉంచుకో" అని ఎల్లిపోయాడు. ఆదివారం వరహాలు వస్తంది, తండ్రిని మందలించడానికి. మనవరాలొస్తంది కదాని పోలమ్మ కొబ్బరుండలు చెయ్యడానికి కొబ్బరి కోరి, బెల్లం చితక్కొట్టింది. కొడతా కొడతా అరుగు వంక చూసింది. ఇన్ని రోజులై మొగుడి చేత వేలు పొడిపిస్తంది, అసలది నొప్పెడతాదా లేదా అని ఆవిడకి తెలీదు. చెయ్యి కొంగుకి తుడుచుకుని, సూది తీసి తన వేలికి పొడుచుకుంది. టింగుమంది. "మీ సుగరు అయిదు వందల ముప్పై నాలుగు. చాలా ఎక్కువగా ఉంది."

పోలమ్మ అలగే కూలబడిపోయింది. జన్మలో సుగరన్నది లేని మనిషి. పక్కనే ఫోను మోగింది, వరహాలు. "అమ్మా! నాన్న ఎంత తిన్నాడే? అయిదొందల ముప్పై నాలుగంట!" "మీ నాన్న కాదే తల్లీ, నేనే. నేను పోతన్నాను." వెంటనే సింహాచలం చేసాడు, అక్కని అప్పా అంటాడు ఆడు. "అప్పా, బావని పడుకోబెట్టు, కదలనీకు, బయల్దేరతన్నాను" అన్నాడు. ఆడికీ అదే చెప్పింది. ఆ తర్వాత అరగంట సేపు ఆవిడ పడిన బాధ ఆవిడ నోటితో ఇనాల బాబూ. ఇత్తడి బిందెలు వరహాలుకి, పట్టుచీర మనవరాలికి, మొగుడికి మాత్రం అన్నం ఎవరు వండిపెడతారో తేలలేదంట. మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడేమోనని కూడా ఏడ్చిందంట. ఏడ్చి ఏడ్చి, కుళాయి కాడికెల్లి మొహం సబ్బుతో కడుక్కుంది. వచ్చి, పోయే ముందు ఇంకొక్కసారి చూసుకుందామని పొడుచుకుంది. తొంభై ఎనిమిది.

ఇంకొకత్తయితే దేముడికి దణ్ణమెట్టి ఊరుకునేది. పోలమ్మ అలగ కాదు. ఫోను వంక చూసింది, కుళాయి వంక చూసింది, బెల్లం వంక చూసింది. కావాలని ఎల్లి బెల్లం ముక్కని వేళ్ళతో నలిపి, ఇంకో వేలు పొడిచింది. నాలుగొందల డెబ్భై ఒకటి. "ఓయమ్మో" అన్నాదంట, "ఈ మిషను చూస్తంది నా నెత్తుర్ని కాదు, నా వేలి మీద బెల్లాన్ని!"

చెంబు పట్టుకుంది, సబ్బు కొంగులో ముడేసుకుంది, మిషనూ ఫోనూ చేతిలో పట్టుకుని గానుగకి లగెత్తుకొచ్చింది. మేం పెనం చుట్టూ ఉన్నాం, పాకం దగ్గరకొస్తంది. ఆవిణ్ణి చూడగానే సూరప్పడు మొహం తిప్పుకున్నాడు. "మావా, పొడుచుకునే ముందు చేతులు ఎక్కడ కడుగుతావు? చూపించు" అంది. "ఇదిగో" అని పక్కనున్న ముంతలో చేతులు ముంచి, తువ్వాలుతో తుడిచి చూపించాడు. పోలమ్మ ముంతలో వేలెట్టి నాలిక మీద పెట్టుకుంది. ఆవిడ మొహం చూడాల నువ్వు. "ఇది నీళ్ళేటయ్యా, పానకం!" అంది. అప్పుడు తట్టింది మాకందరికీ. పొద్దున్నించి ఎన్నిసార్లు పాకం వేసి ఉండ చేస్తాడో ఆ ముంతలోనే కదా ఈయన శుభ్రంగా చేతులు కడిగేది! తువ్వాలైతే ఎండిపోయి అట్టలాగుంది. ఇన్నేళ్ళు ఆ పాకలో ఉన్నాం, ఒక్కరికైనా బుర్రకెక్కిందా?

బోరు కాడికెల్లి చెంబుతో నీళ్ళు తెచ్చింది. అందరి ముందూ ఆడి ఎదురుగా గొంతుక్కూర్చుంది. నీళ్ళు పోసి, సబ్బు రాసి, ఒక్కొక్క వేలూ, గోళ్ళ సందులూ, పసిపిల్లాడికి కడిగినట్టు కడిగింది. మళ్ళీ నీళ్ళు తెచ్చి మళ్ళీ కడిగింది. కొంగుతో తుడిచింది. తనే పొడిచింది. "మీ సుగరు నూట ముప్పై తొమ్మిది. అదుపులో ఉంది" అన్నాది ఫోను. మేం ఈలలేసాం, నేనూ వేసాను. పోలమ్మ ఆడి చెయ్యి వదల్లేదు. "తప్పు నాదే మావా. మిషను మాట నమ్మాను, నీ మాట నమ్మలేదు" అంది, అందరూ ఇనేలాగ.

ఇప్పుడు ఏ మొగాడైనా ఏటి చేస్తాడు? మీసం మెలేస్తాడు. సూరప్పడు తలొంచుకున్నాడు. "పోలమ్మా, ఒకసారి తిన్నాను" అన్నాడు. మేం గుడ్లప్పగించాం. "వరహాలుకి పిల్ల పుట్టిందని ఫోనొచ్చిన రోజు. ఇంత పాకం, నాలిక మీద వేసుకున్నాను. ఆ ఒక్కసారే" అన్నాడు. పోలమ్మ ఆడి వేళ్ళు తుడుస్తానే ఉంది, ఎక్కడా తడి లేకపోయినా. "తెలుసు. అందుకే మళ్ళీ తింటన్నావేమోననుకున్నాను" అంది. "నీకెలగ తెలుసే?" అన్నాడు ఆడు. "ఆ రోజు ఇంటికొచ్చి సంతోషం పట్టలేక ఏటి చేసావో మర్చిపోయావా? మూతంతా బెల్లమే" అనీసి, అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, చుట్టూ పదిమందిమి ఉన్నామని. చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. గానుగ పాక కూలిపోతాదా అన్నట్టు నవ్వాం. సూరప్పడు చెవుల దాకా ఎర్రబడిపోయి, "దించండి, దించండి, పాకం ముదిరిపోతంది!" అని అరిచాడు. అప్పటికే ముదిరిపోయింది. ఆడి చేతిలో బెల్లం నల్లబడడం అదొక్కసారే, ఆ దిమ్మలు మేమే తలా ఒకటి పట్టుకెల్లి తినీసాం.

అదీ సంగతి. సింహాచలం రొప్పుకుంటా వచ్చీసరికి అప్పకి ఏటీ అవలేదు, ఆడే రెండు చెంబుల నీళ్ళు తాగాడు. సోమవారం డాక్టరు కాడికెల్లారు గానీ సూదిమందు పెట్టలేదు, పాత మాత్రలే వాడమన్నాడంట. సూరప్పడు ఇప్పటికీ పెనం కాడే ఉన్నాడు, నువ్వెల్లి చూడొచ్చు. ఏటి బాబూ, నవ్వుతన్నావు? అంతా రాసుకున్నావా? ఆ మూతి సంగతి మాత్రం రాయకు, పోలమ్మకి చదువొచ్చు, నన్ను బతకనివ్వదు. రాసీసావా? సరే, ఉంచీ అయితే.