మంచె దిగని గురవయ్య

గురవయ్యని ఒకడుండేవోడంట. పిట్టల కాపలా. జొన్న చేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పాడంటే చిలకల గుంపు లేచి కొండ అవతల పడాల్సిందే, అట్టాంటి చెయ్యి అనుకో. వడిసెలంటే తెలుసు గదా, తాడు మధ్యలో రాయి పెట్టి గిరగిరా తిప్పి వదుల్తారు, అది. ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. పొద్దుగూకి మంచె దిగేటప్పుడు వడిసెలని మంచె గుంజకి తగిలించి, "చేనమ్మా, ఇంక నిన్ను నువ్వే చూసుకో తల్లీ, నేను ఇంటికి పోతుండా" అని పైకి చెప్పి మరీ రావాలి. వడిసెల ఊళ్ళోకి తేకూడదు. అందరూ అట్టాగే చేసేవోళ్ళు. మన గురవయ్యకేమో నవ్వొచ్చేదంట. చేనుకి కళ్ళుండాయా చెవులుండాయా, నేను చూడకపోతే ఎవుడు చూస్తాడు అని వడిసెల నడుముకి చుట్టుకుని, పంచె చెంగులో రాళ్ళు మూటగట్టుకుని ఇంటికొచ్చేవోడు. ఏవయ్యా అల్లుడూ, ఆ ఫోను మోగుతుండాది, కాస్త పక్కన పెట్టు, కథ నడుస్తుంటే.

ఇంటికొచ్చేవోడంటే ఒళ్ళు వచ్చేది, మనిషి వచ్చేవోడు కాదు. పెళ్ళాం అంకమ్మ సంగటి పెట్టి, బుడ్డదానికి ఇయ్యాల పన్నొచ్చింది చూడు మావా అంటే, ఉష్ష్, ఆగు, రెక్కల చప్పుడు అనేవోడు. రెక్కలూ లేవు పాడూ లేదు, పక్కింటోళ్ళు జొన్నలు చెరుగుతుండారు. సగం ముద్ద నోట్లో పెట్టుకుని వాకిట్లోకి పోయేవోడు, వచ్చి కూర్చునేవోడు, మళ్ళీ లేచేవోడు. పడుకుంటే చెయ్యి దానంతటదే గిర్రున తిరిగేది. "నీ కాపరం నాతోనా, చిలకలతోనా" అని అంకమ్మ ఏడ్చేది. "రేపు కంకులు పోతే రైతు నన్నడుగుతాడా నిన్నడుగుతాడా" అని వాడి మాట. అదీ నిజమే గదా, కాదంటామా.

ఒకనాడు ఏమైందంటే, అంకమ్మ తమ్ముడు వచ్చి మేనకోడలి ఉయ్యాలకి తాటాకు చిలకలు కట్టి పోయాడు. పచ్చ రంగు, ఎర్ర ముక్కులు, గాలొస్తే తిరుగుతాయి. బుడ్డది వాటిని చూసి ఒకటే కేరింతలు. దీపాల యాళ అయింది. "నీళ్ళకి పోయొస్తా, ఉయ్యాల ఊపుతుండు మావా, దాని మీదే కన్నుంచు" అని అంకమ్మ బిందె తీసుకుని పోయింది. వీడు ఊపతా ఊపతా కునుకు తీశాడు. గాలొచ్చింది. చిలకలు తిరిగినై. బుడ్డది కిచకిచా నవ్వింది. కళ్ళు తెరిస్తే వీడికి ఏం కనపడాలి? పచ్చంగా చిలకలు! ఇల్లు లేదు, ఉయ్యాల లేదు, అంతా జొన్న చేనే. "హోయ్!" అని లేచి, వడిసెల లాగి, రాయి పెట్టి విసిరాడంట! అమ్మో, ఇప్పటికీ చెప్తుంటే నా గుండె దడదడలాడుద్ది. ఆ రాయి చిలకల తాడు తెంపుకుని, బిడ్డ తలకి జానెడు పైనుంచి పోయి, గోడ వారనున్న కుండని పగలగొట్టింది. బుడ్డది గుక్కపట్టి ఏడిచింది.

అంకమ్మ బిందె వాకిట్లోనే పడేసి ఉరికొచ్చి బిడ్డని గుండెలకి అదుముకుంది. వీడు "నా తల్లీ" అని చేతులు చాపితే, బుడ్డది వాడి మొహం చూసి ఇంకా బెదిరి అమ్మ భుజంలో మొహం దాచుకుంది. అంకమ్మ తిట్టలేదంట. తిట్టినా బాగుండేది. "మావా, చిలకలే పొద్దుగూకితే గూటికి పోతై. ఇప్పుడు చేలో ఒక్క పిట్ట లేదు, నువ్వొక్కడివే ఉండావు. నేను బిడ్డనెత్తుకుని మా అమ్మ కాడికి పోతుండా. నువ్వు ఇంటికొచ్చినాక కబురు చెయ్యి" అనింది.

గురవయ్య చేలోకి పరిగెత్తాడు. నిజమే, ఒక్క పిట్ట లేదు. వడిసెల గుంజకి తగిలించి, చెంగులో రాళ్ళు దులిపి, "చేనమ్మా, ఇంక నిన్ను నువ్వే చూసుకో తల్లీ" అన్నాడంట. ఏడుస్తానే చెప్పాడు. తిరిగొచ్చేసరికి అంకమ్మ మూట కట్టుకుని అరుగు మీద కూర్చునుండాది. వాడి నడుం కేసి చూసింది. వడిసెల లేదు. మూట లోపల పెట్టింది. అట్టాగని వాడు హాయిగా నిద్రపోయాడనుకునేరు, యాడిది! చెయ్యి ఊరికే నడుం తడుముకునేది. అంకమ్మ ఉయ్యాల తాడు ఆ చేతికిచ్చి, "ఊరికే ఉండలేకపోతే ఇది ఊపు" అనింది. బుడ్డది మళ్ళీ వాడి చేతుల్లోకి రాడానికి మాత్రం కోతలు అయ్యేదాకా పట్టిందంట.

అంతే, ఇంక లేవండి. చేనేమైందంటారా? అందరి చేలకీ ఏమైందో దానికీ అదే అయింది. ఇదిగో అల్లుడూ, మళ్ళీ మోగింది, చూసుకో చూసుకో. కథ మొదలైన కాడ్నుంచీ నీ చెయ్యి జేబు మీదే ఉండాది, మా పిల్ల కళ్ళేమో నీ మొహం మీదే ఉండాయి. పర్లేదు, మూట ఇంకా కట్టలేదులే.