మిల్లు సంగు ఊదేలోపల

అట్లా గోడవైపు తిరిగి కూచుంటే ఎట్లా బావా? గోడ వచ్చి గిటారు వాయిస్తుందా? రెండుసార్లు వాయింపు తప్పింది, అంతే కదా! ఇదో, టేపు వెనక్కి తిప్పేశాను. ఇటు చూడు.

ఆ, తెలుసు, తెలుసు. తప్పంతా నాదే. "రొద ఏమీ లేదు, సుద్ధంగా ఉండాది" అన్నది నేనే, ఈ వళ్లినే. మామ కూతురు చెప్పింది కదా అని నమ్మి, క్యాసెట్టు పోదనూరు తీసకపోయి రాఘవన్ అన్న చేతిలో పెడితివి. ఆయనేమో "వేళ్లు బాగుండాయి తంబీ, కానీ మొదటినుంచి చివరిదాకా అడుగున తేనెతుట్టె కదిలినట్టు ఆ రొదేంది?" అని తిరిగి ఇచ్చేశాడు.

విజయదశమి సాయంకాలంలోగా సుద్ధమైన టేపు తెస్తే ఆయన ఆర్కెస్ట్రాలో గిటారు చోటు నీది. తేకపోతే ఇంకొకడిది. విజయదశమి ఇవాళే కదా బావా! కోపం రేపు పెట్టుకోరాదా?

నా చెవిని తిడతావు సరే, అప్పుడు నీ చెవి ఎక్కడ పోయింది? మా నాయన విన్నాడు, అవ్వ విన్నది, ఒక్కరికన్నా తెలిసిందా? మనం పుట్టిందే స్పిన్నింగు షెడ్డు గోడకి ఆనుకున్న లైను ఇంట్లో. పగలూ రాత్రీ గోడ అవతల నూలు వడికే ఫ్రేములు తిరగతానే ఉంటాయి. మనకి ఆ రొదే నిశ్శబ్దం!

నువ్వేమో పాపం, గిటారుకి తగిలించే ఆ చిన్న ఆంపు మీద పడితివి. టిఫిను డబ్బాకి అన్న వరస, దానికి ఎన్ని శిక్షలు! స్క్రూలు విప్పితివి. దుప్పటి కప్పితివి. అవ్వ మంచం మీద బోర్లా పండబెడితివి. "దీనికి జొరమా అబ్బోడా?" అని అవ్వ దాని నెత్తి తాకి చూసింది కదా!

నిన్న ఆయుధ పూజకి మిషన్లు ఆపి గంధం పూసినాక కదా సంగతి తెలిసింది. గోడ గప్‌చిప్ అయిపోయింది. అప్పుడు నీ క్యాసెట్టు వేస్తే, అమ్మా! మిల్లు మొత్తం టేపులో కూచోనుండాది! మా నాయన మురిసిపోయి ఏమన్నాడు? "మన ఫ్రేములు ఎంత అందంగా పాడతాయిరా! మధ్యలో ఈ గిటారే అడ్డం వస్తా ఉండాది."

నవ్వు వచ్చింది చూడు! దాచుకోకు.

నిన్ననే టేపులో పట్టేసి ఉండొచ్చు. కానీ అవ్వ నీ గిటారునీ ఆంపునీ కూడా సుత్తి, స్పానరు పక్కన పూజలో పెట్టేసింది. పూజకి పెట్టిన పనిముట్టుని మరునాడు పొద్దునదాకా ముట్టకూడదు. నువ్వు ఎంత బతిమాలినా కరిగిందా? "అది కూడా అలిసిపోయుంటుంది, పండుకోనీ" అనింది మహాతల్లి!

సరి. తెల్లారింది, హారతి ఇచ్చి చేతికి ఇచ్చింది. షిఫ్టుకి పిలిచే మిల్లు సంగు ఊదేదాకా షెడ్డు నిద్రలోనే ఉంటుంది. ఊదిందంటే అయిపోయినట్టే. ఇంత మంచి వేళ దొరికితే, నీ వేళ్లు చూడు, కొత్త పెళ్లికూతురు మాదిరి తడబడతా ఉండాయి!

ఎందుకో చెప్పనా? ఇన్నాళ్లూ ఆ ఫ్రేములే నీకు తాళం వేసినాయి. నీకు తెలీకుండానే వాటిమీద ఒరిగి వాయించావు. ఇప్పుడు ఒరిగేదానికి ఏమీ లేదు.

కాలితో తట్టుకుంటావా? ఆ టక్కుటక్కు టేపులో పడదా?

నేను చెప్పేది విను. దారం చుట్టే మా వైండింగులో, మిషన్ల మోతకి నోరు ఉండీ లాభం లేదు, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అంతా చేతులతోనే. ముక్కు తాకితే మేస్త్రి వస్తున్నాడని. మొన్న మారియమ్మక్క మొగుడితో పడిన గొడవ మొత్తం ఒక్క మాట పలకకుండా చెప్పింది. మేమంతా దారాలు వదిలేసి ఏడ్చాం! అట్లాగే నేను నీ ఎదుట కూచుని చేత్తో తాళం చూపిస్తా. టేపుకి చెయ్యి వినపడదు కదా?

ఏంది ఆ చూపు? నేను నోరు మూసుకోగలనా అనా? గలను! ఒక పాటంత సేపు గలను.

అయితే ముందే ఒకటి చెప్పేస్తా. నువ్వు తప్పినప్పుడు నాకు లోపల కొంచెం సంతోషం అయింది. ఆమా, అయింది. ఇది బాగా పడిందంటే పళని, ఉడుమలైపేట అని రాఘవన్ అన్న వ్యానులో పోతానే ఉంటావు. పెళ్లి పందిట్లో ముందు వరసలో ఇంతింత పూలు పెట్టుకుని కూచుంటారే ఆ అమ్మాయిలు... సరి, పోనీ. నీ మొహం దగ్గర్నుంచి చూస్తే వాళ్లే లేచి పారిపోతారు.

అయినా బాగా వాయించు బావా. తప్పు వాయించి ఇక్కడే ఉండిపోతే, మొహం వేలాడేసుకున్నవాణ్ణి ఏమని ఆటపట్టించేది?

జరుగు. టేపు ఈ స్టూలు మీద ఉండనీ. ఆంపు కొంచెం తగ్గించు. నా చెయ్యే చూడు. మధ్యలో నా వేళ్లు తాళం కానిది ఏదన్నా చెప్పినాయనుకో, తెలియనట్టు వాయించేయ్. స్టోర్సులో పనిచేసేవాడివి, మా వైండింగు భాష నీకు రాదు కదా.

రాదు కదా?

సరి, బటను నొక్కతా ఉండా.