నలభై నిమిషాల చాయ్

కొట్టెయ్యి సారూ, ఆ ‘ఒక ఉపాధ్యాయురాలు’ అన్నది కొట్టెయ్యి. పేరు లేదా ఆమెకు? సుజన. ఫిర్యాదు కాయిదం పెట్టింది ఆమెనే, ఇంక దాచుడేంది? జూలై పదకొండు, శుక్రవారం, పగటి ఒంటిగంటన్నర. అన్నది మా హెడ్మాస్టరు అమరనాథ్. ఆయనకైతే ‘గారు’ తగిలించి రాసినవ్, ఆమెకు పేరే కరువాయెనా?

నేను చంద్రమ్మ. సైదాబాద్‌ల ఆ బడిల పదకొండేండ్లసంది అటెండర్ని, కాంట్రాక్టు మీద. బెల్లు కొడ్త, ఫైళ్లు మోస్త, చాయ్ తెస్త. ఎంక్వైరీల సాక్ష్యం చెప్పుమని మీరు పిలిస్తెనే వచ్చిన.

ఏమన్నడా? చెప్తున్న, రాయి. సుజన లెసన్ ప్లాను నోట్‌బుక్ పట్టుకొని సంతకానికి ఆయన రూముల వోయింది. ‘లెసన్ ప్లానుదేముంది, సంతకం పెడ్త. మీ ఆయనకు నైట్ డ్యూటీ అంటగద, ఒక్కదానివి నిద్ర ఎట్ల పడ్తది?’ అన్నడు. ఆమె నోట్‌బుక్ ఇటియ్యమన్నది. ఈయన దాని మీద చెయ్యి పెట్టి, ‘ముందుగాల నవ్వు, అప్పుడిస్త’ అన్నడు.

టైపు ఆపినవేంది? ‘అనుచితంగా మాట్లాడినట్లు తెలియవచ్చింది’ అని కొట్టి చేతులు దులుపుకుంటవా? ఎవలకు తెలియవచ్చింది, గాలికా? తలుపు బయట ఖాళీ ఫ్లాస్కు పట్టుకొని నిలబడి, నా రెండు చెవుల్తోని విన్న. అన్న మాట అన్నట్టే పడాలె కాయిదం మీద. నీకు టైపు కొట్టనీకె సిగ్గయితుంది గద, మరి మొఖం మీద అనిపించుకున్న పిల్లకు ఎట్లుంటదో సోంచాయించు.

ఆయన రిటైర్మెంటుకు ఎనిమిది నెలలే ఉన్నదంటవా? సుజనకు ఇంక ముప్పై ఏండ్ల నౌకరీ ఉన్నది. ఎవల ఫికర్ చేస్తవ్ నువ్వు?

ఫ్లాస్కు ఖాళీగ ఎందుకున్నదా? మంచిగడిగినవ్. బడి గోడకానుకొనే చాయ్ బండి ఉన్నది. ఇన్‌స్పెక్షనోళ్లొచ్చినా, మొగ సార్లొచ్చినా చాయ్ ఆడికెళ్లే తెస్త. వయసుల ఉన్న టీచరమ్మ సంతకానికి లోపలికి వోయిందనుకో, ఆయనకు సంతోష్‌నగర్ హోటల్ చాయే కావాలె. ‘చంద్రమ్మా, ఆడ మలాయి మంచిగుంటది, నిమ్మలంగ రా.’ పోను రాను నలభై నిమిషాలు. మలాయి కోసమా నన్ను తోలేది?

గా దినం ఆయన శుక్రవారమన్న సంగతి మరిచిండు. హోటలాయన జుమ్మా నమాజుకు పోవాలని షట్టర్ దించుతున్నడు. ‘దో బజే కే బాద్ ఆనా, అమ్మా’ అని, రెండు దాటినంక రమ్మన్నడు. ఇటొచ్చే ఆటో ఎక్కి పది నిమిషాల్ల బడిల ఉన్న.

ఇంక నువ్వు నన్నొక మాట అడగాలె. ఇన్నేండ్లు చాయ్‌కి పోయినవ్, ఎందుకు తోలుతుండో నీకు తెల్వదా అని. అడుగవేంది సారూ? మర్యాదనా?

తెలుసు.

రూప టీచరని, ఇంగ్లీషు చెప్పేటిది. మూడేండ్ల కింద. ఒకనాడు నేను చాయ్‌కి పోతుంటె గేటుకాడ నా కొంగు పట్టుకున్నది. ‘చంద్రమ్మా, జల్ది రా, నీకు దండం పెడ్త’ అన్నది. ఇంకేం చెప్పలె. నాకు సమజ్ కాలేదనుకుంటున్నవా? నా కాంట్రాక్టు కాయిదం మీద ఏటేటా సంతకం ఆయనదే.

నేను జల్ది రాలె. హోటల్ బెంచీ మీద కూసొని పుస్తకం తెరిచిన. ఏడో తరగతి తప్పినదాన్ని, బడి బీరువల ఉన్న పుస్తకాలన్నీ సదివింది ఆడనే. ఆడదాని కష్టం మీద రాసిన కథ సదువుకుంట కండ్లు తుడ్సుకున్న సారూ, ఆ బెంచీ మీద. ఇంక రెండు పేజీలు, ఇంక రెండు పేజీలనుకుంట.

నేనొచ్చేసరికి ఆమె కుర్చీ ఖాళీ. మల్ల బడికి రాలె.

ఇది గూడ ఎక్కియ్యి బిడ్డా, నా పేరు మీదనే. జల్ది రమ్మంటె, కావాలనే ఆలస్యం చేసిందని రాయి. తారీఖు నాకు యాదికున్నది. ఆగస్టు ఇరవైమూడు, రెండువేల ఇరవైరెండు, మంగళవారం.