ఎండకు యజమాని లేడు

"అత్తా, తాజ్‌బీ కంది చేన్లకు గొర్ల మందను పిలిచింది ఎవరు?"

నాగర్‌కర్నూల్‌లో ఒక ఇల్లు, మధ్యాహ్నం. ఎకనామిక్స్ లెక్చరర్‌గా రిటైరైన కాంతమ్మ పత్రికకు వ్యాసం చెబుతున్నది. తమ్ముడి కూతురు పూజ కంప్యూటర్ ముందు కూర్చుని టైపు చేస్తున్నది.

"మనం ఏ వాక్యం దగ్గర ఆగాం, పూజా?"

"'ఎండకు యజమాని లేడు' కాడ."

"ఆ పేరా మొత్తం చదువు."

"'బొగ్గు కాలంలో గని ఉన్నవాడిది పెత్తనం. చమురు కాలంలో బావి ఉన్నవాడిది పెత్తనం. రానున్న కాలపు ఇంధన విపణి అట్లా ఉండబోదు. సోలార్ పలకల ధర పదేళ్ళలో పదోవంతుకు దిగివచ్చింది. ఎండకు యజమాని లేడు.' ఎండకు లేడు సరే. నేలకు ఉన్నడు గద అత్తా?"

"వ్యాసంలో లేని మాటలు కలపకు. రాయి. గ్రామీణ గృహాల నుంచి కట్టెల పొయ్యి క్రమంగా నిష్క్రమిస్తున్నది."

"నిష్క్రమిస్తున్నది. కొట్టిన. నేనడిగినదానికి చెప్పలే నువ్వు."

"మంద నాగన్నది, కర్ర నాగన్నది. అడగవలసింది నాగన్నను."

"మాపటికి పంచాయతిల అడుగుతరు. నోరిప్పకుంటే రెండు పొట్టేళ్ళు దండుగ ఏస్తరంట. నాయిన ఫోన్ల చెప్పిండు. ఇప్పటిదాంక ఒక్క మాట చెప్పలేదంట నాగన్న."

"మౌనంగా ఉండటం నేరం కాదు. తర్వాతి పేరా."

"ఎవరో తలుపు కొడుతున్నరు."

"చూడు."

"తాజ్‌బీ పెద్దమ్మ."

"నేను ఇంట్లో లేనని చెప్పు."

"కిటికీల నుంచి నిన్ను చూసింది, అత్తా. రా పెద్దమ్మా, లోపలికి రా."

"సలామమ్మా. జర నీళ్ళియ్యి బిడ్డా. బిజినేపల్లి కాడ బస్సు ఆపిండు, ఆపిండు, దిగి నడిచొద్దామనిపిచ్చింది."

"కుర్చీలో కూర్చో, తాజ్‌బీ."

"గడప కాడనే మంచిగున్నదమ్మా, గాలొస్తున్నది. మా బిడ్డ కౌసర్‌కు ఆడపిల్ల పుట్టింది. హైద్రబాద్ దవాఖానల వారం రోజులు పట్టింది. కాంతమ్మ మేడం తీర్గ సదువు జెప్పే పిల్ల కావాలె అంటున్నది కౌసర్."

"సంతోషం."

"సంతోషమే. వాపసొచ్చి చూస్తే చేను గట్లున్నది. పూత మీద ఇడ్సిపెట్టి పోయిన. ఆకు లేదు, పూత లేదు, ఉత్త కట్టె నిలవడ్డది. ముందుగాల నాగన్ననే తిట్టిన. నడి బజార్ల, పెండ్లాం పిల్లల ముంగట తిట్టిన. మల్ల ఇంటికొచ్చి కూసోని ఆలోచన చేసిన. మంద ఊకెనే రాదు గదమ్మా."

"అంటే?"

"మీకు తెల్వనిదా? ఎరువుకు మంద పెట్టుమని చేను కలవాళ్ళు పిలువాలె. పిలువంది ఏ గొర్లాయన చేన్ల కాలు పెట్టడు. పెడితే రేపటికెల్లి ఆయనను ఏ ఊర్ల పిలువరు. పుట్టినకాడికెల్లి గొర్లెన్క నడిచినోడు గా తప్పు చేస్తడా?"

"అయితే అతన్నే అడగవలసింది."

"అడిగిన. మాటిచ్చిన అంటుండు. ఎవరికిచ్చినవురా అంటే కిందికి చూస్తుండు. పొట్టేళ్ళు పోతే పోనీ అంటుండు. పాగల్‌గాడు."

"నీళ్ళు తాగు."

"మీ తమ్ముడు పిలిచిండమ్మా. వెంకట్రాములు. మీకు చెప్పాల్నా వద్దా అని రెండు దినాలు పరేషానైన."

"ఏ ఆధారంతో అంటున్నావు?"

"ఆధారమేంది? ఎండ కరెంటు కంపెనీ వాళ్ళు మీ నేల కొలతలకు వస్తున్నరని ఊరంత ఎర్క. పైరున్న చేను వాళ్ళకు వద్దంట, బీడే కావాలంట. కోత అయినంక నేనే ఇడుస్త అన్న. రెండు నెలలు. మీ తమ్మునికి గంత ఓపిక లేకపాయె. మీకు తెలిస్తే చెయ్యనిస్తురా? మీకు తెల్వకుంట చేసిండు."

"పెద్దమ్మా, మా నాయిన గాదు..."

"పూజా, చాయ్ పెట్టు."

"అత్తా..."

"చాయ్ పెట్టమన్నాను."

"వద్దు బిడ్డా. రెండు మాటలడిగి పోత. ఒకటి, మాపటికి మీరు పంచాయతికి రావాలె. మా మాట ఎవరింటరు? కౌలుకు చేసేటోళ్ళం, పట్టాల పేరు లేనోళ్ళం. మీరొచ్చి ఒక్క మాటంటే నాగన్న బయటపడ్తడు. తమ్ముని పేరు సుత చెప్పకుండ్రి, ఇంటి ఇజ్జత్ పోతది. చేను మాది, మందను మేమే పిలిచినం అనుండ్రి, సాలు."

"రెండోది?"

"రెండోది అడగనీకె సిగ్గయితున్నది."

"అడుగు."

"గా కందికట్టె పీక్కపోత, మీరు సరే అంటే. మిషిన్లు తోలి చదును చేస్తే మన్నుల కలిసిపోతది. బాలింతకు నీళ్ళు కాగబెట్టాలె. సిలిండర్ తీసుకుందమంటే చెయ్యొస్తలేదు. యాడ్నో సముద్రం అవుతల లడాయి అయితే మా పొయ్యి మీద రేటు పెరుగుతదంట. మా కొడుకు ముజీబ్ చెప్పిండు. గవన్ని మీకెర్కనే, మీరు రాస్తరు గద. కట్టె మీరు వద్దంటే వద్దు."

"కట్టె నీది, తాజ్‌బీ. విత్తింది నువ్వు. నన్నెందుకు అడుగుతావు?"

"నేల మీది గద. అడగకుంట తీసుకుంటే దొంగతనమైతది. పోయొస్త, బస్సుకు టైమైంది. మీరొస్తరు గద?"

"చూస్తాను."

"చూస్త అనకుండ్రి. మీరొస్తరని నాగన్న పెండ్లానికి చెప్పొచ్చిన. ఏడుస్తుండె, ఊకున్నది. పోయొస్త బిడ్డా."

"పైలం పెద్దమ్మా."

"తలుపు వేయి, పూజా."

"ఏసిన."

"కూర్చో. కట్టెల పొయ్యి వాక్యం తీసేయి."

"తీసేసిన. ఇంకేం తీసెయ్యాలె?"

"ప్రస్తుతానికి అంతే."

"మా నాయిన పేరు చెప్పింది ఆమె. నువ్వు ఊకున్నవ్."

"ఔననలేదు నేను."

"కాదని సుత అనలే. నాగన్న నంబర్ కలిపి నీ చేతికిచ్చింది నేను, అత్తా. పక్కనే ఉన్న. పైరున్నది గద మేడం అన్నడు ఆయన. తాజ్‌బీ వదులుకున్నది అన్నవ్ నువ్వు. ఆమె మనసు నొచ్చుకుంటది, ఎవరికీ చెప్పనని మాటియ్యి అన్నవ్. తన బిడ్డకు హాస్టల్ల సీటు ఇప్పిచ్చినవని మాటిచ్చిండు."

"నువ్వు అప్పుడే ఎందుకు అడగలేదు?"

"భయమైంది. నువ్వు తప్పు చేస్తవని అనుకోలే. ఏమో తెలిసే చేస్తున్నవనుకున్న."

"తెలిసే చేశాను. రెండు నెలలు ఆగితే కంపెనీ అలంపూర్ వైపు వెళ్ళిపోయేది. ఇరవై అయిదేళ్ళ లీజు. ఇంకెవరిదో నేల తీసుకునేవారు, ఇంకెవరిదో పైరు పోయేది. బొగ్గు మసి కంటే ఇది ఎంతో..."

"నాకు వ్యాసం చెప్పకు."

"సరే. వ్యాసం నీకు కాదు. మొత్తం తుడిచేయి."

"మొత్తమా? పొద్దటికెల్లి కొట్టిన."

"మొత్తం. శీర్షిక ఒక్కటి ఉంచు. కొత్తగా రాయి. ఎండకు యజమాని లేడు. నేలకు ఉన్నాను."

"ఉన్నాడు అనా?"

"ఉన్నాను."

"కొట్టిన."

"పూత మీదున్న కంది చేనులోకి గొర్రెల మందను పిలిచింది నేను. విత్తిన మనిషి కూతురి కాన్పు కోసం ఊరు దాటిన వారం చూసి పిలిచింది నేను. కాపరికి అబద్ధం చెప్పింది నేను. ఆ మనిషి ఈ రోజు వచ్చి, తన పైరు మోడుల్ని పొయ్యిలోకి పెట్టుకోవడానికి నా గడప మీద కూర్చుని అనుమతి అడిగింది."

"ఆదివారం అచ్చయితది ఇది. పంచాయతి మాపటికి. తాజ్‌బీకి చదువు రాదు, అత్తా. నువ్వు పేపర్ల ఎంత మంచిగ రాసినా ఆమెకు ఉత్త కాయితమే."

"తెలుసు. బస్సు ఎన్ని గంటలకు?"

"నాలుగింటికి. ఆమె ఎక్కేది గదే. బస్టాండ్ల నిలబడి ఉంటది."

"అందులోనే వెళ్ళాలి. పంచాయతీలో చెప్పే ముందు ఆమెకు చెప్పాలి. ఆమె పక్కన సీటు దొరక్కపోతే బాగుండుననిపిస్తున్నది."

"దొరుకుతది. దొరక్కుంటే నిలబడి చెప్పు. చెప్పులు గీడున్నయి."

"ఆగు. ఒక వాక్యం మిగిలింది. అది కొట్టి, పత్రికకు పంపి, తాళం వేసి రా."

"చెప్పు."

"ఇది చదువుతున్న మీరు, మీ నేలను ఎండకు ఇచ్చిన నాడు దాని మీద ఎవరి పైరు ఉన్నదో, ఆ మనిషి పేరు ఇప్పుడు, పక్కవారికి వినబడేట్టు, చెప్పండి."