ఏడో పళ్ళెం పురుగులు

ల్యాబులో గాజు పళ్ళేలు కడిగే తాత చూస్తుండగా, మందులు పరీక్షించే అమ్మాయి సన్నటి తీగతో పళ్ళెంలోని పురుగుల్ని ఒక్కొక్కటిగా పొడుస్తోంది. ఇంకో గంటలో ఆమె పెద్దసారుకి ఫలితం చెప్పాలి.

“ఎందుకమ్మా, పాపం, వాటినలా కుళ్ళబొడుస్తావు?”

“పొడిచినా కదలకపోతే చచ్చినట్టు, తాతా.”

“మా ఆవిడ రోజూ పొద్దున్నే పొడుస్తుంది, నేను కదలను. నన్నూ చచ్చినవాళ్ళలో రాసేస్తావా?”

“నవ్వించకు, చెయ్యి వణుకుతుంది. మందు తినని ఆరు పళ్ళేల పురుగులన్నీ ఇరవై రోజులకే పోయాయి. ఆయుష్షు పెంచేలా మేం మార్చిన మందు తిన్న ఏడో పళ్ళెంవి నెల దాటినా గంతులేస్తున్నాయి. ముసలితనం మెడలు వంచేశాను!”

“ఏడోదా? నేను ఏసీ కింద పెట్టాను, అదేనా?”

తీగ ఆమె చేతిలోనే ఆగిపోయింది.

“ఏసీ కిందేంటి? అన్నీ పై అరలో కదా ఉండాలి?”

“ఆరు ఎక్కించాను. ఏడోదానికి మోకాళ్ళు మొరాయించాయి. అప్పట్నుంచీ రోజూ నువ్వెళ్ళాక అక్కడ పెట్టి, నువ్వొచ్చేముందు తెచ్చి బల్లమీద పెడుతున్నా.”

“కొంప ముంచావు తాతా! చల్లగా ఉంటే ఇవి ఏ మందూ లేకుండానే ఎక్కువ రోజులు బతుకుతాయి.”

“అయితే సారుకి చెప్పకు. నేను చచ్చినా నోరు విప్పను.”

ఆమె తీగ పక్కన పెట్టి, రాసుకున్న కాగితాన్ని రెండుగా చింపింది.

“చెప్తాను. రేపట్నుంచి మళ్ళీ మొదలు. అన్నీ ఒకే అరలో, ఎక్కించేది నేను.”

తాత ఏసీ వైపు చూసి గడ్డం గోక్కున్నాడు.

“అంటే ఆ ఏసీ కింద చోటు ఖాళీయేగా? నా కుర్చీ అక్కడ వేసుకుంటా. మా ఆవిడొస్తే మాత్రం ఆ తీగ చేతికివ్వకు.”