కాళేశ్వరం పోయొచ్చిన కాళ్లు

జనగామ సర్కారు దవాఖానలో, క్యాన్సర్ మందు ఎక్కించే గది ముందు ఒక ఇనుప బెంచీ. దానికి ఒక చివర కొడకండ్ల దిక్కు ఊరి మాజీ సర్పంచ్ జగపతి, మరో చివర ఆ ఊరి పక్క తండా తుల్సీబాయి. ఒకరినొకరు చూడనట్టు నటించి నటించి ఇద్దరికీ విసుగొచ్చింది.

"కాదు పటేలా, కాళేశ్వరం తొవ్వ ఇటు గాదు గదా?"

"ఏం కాళేశ్వరం?"

"మూడు వారాలకోపాలి కాళేశ్వరం పోతున్నవట. ఏదో మొక్కున్నదట. ఊరంత అంటున్నరు."

"ఆ... పోతున్న. ఇయ్యాల జర పనుండి ఈడ ఆగిన."

"దవాఖానల ఏం పని?"

"మా చుట్టపాయన ఉన్నడు. చూసి పోదామని."

"ఏ చుట్టపాయన?"

"నీకు తెల్వది లే. నువ్వేంది మరి ఈడ?"

"నేనా? మా సేవ్యాను తోల్కొచ్చిన."

"నీ మొగనికేమైంది?"

"దగ్గు."

"ఏడి మరి?"

"బయట చాయ్ తాగుతుండు."

"దగ్గుకు జనగామ దాక వచ్చిండ్రా? కొడకండ్లల లేదా దవాఖాన?"

"పెద్ద దగ్గు."

"జగపతి గారూ! మీ రక్తం రిపోర్టు మంచిగనే ఉన్నది. డాక్టర్ సార్ చూసినంక మందు పెడ్త. అరే, తుల్సీబాయమ్మా, నువ్వు గూడ ఈడనే ఉన్నవా? పోయినసారి ఎడమ చెయ్యికి నరం దొరకలే. ఈసారి కుడి చెయ్యి చూద్దాం."

"మంచిది శిరీష సిస్టరూ, నీ ఇష్టం... ఏం పటేలా, మీ చుట్టపాయనకు నీ పేరే పెట్టిండ్రా?"

"నీ మొగని దగ్గుకు నీ చెయ్యికి సూది పెడ్తరా? నవ్వకు తుల్సీ."

"నవ్వకుంటె ఏడ్వాల్నా?"

"జర మెల్లగ. ఎవలకు చెప్పకు."

"ఏది చెప్పకు?"

"గదే."

"గదంటె ఏది?"

"నీకెరుకనే గదా. పెద్దపేగుల గడ్డుండె. పట్నంల కోసి తీసిండ్రు. ఇప్పుడు మందు ఎక్కిస్తున్నరు."

"నాకు రొమ్ముల. చెప్పుడే గదా, దానికి గంత గొణుగుడెందుకు?"

"మీ తండల ఎరుకనా?"

"ఇంట్లోళ్లకు తప్ప ఎవలకు ఎరుక లేదు. అడిగినోళ్లందరికి మా కోడలు గోరీ, అత్తకు మోకాళ్ల నొప్పులని చెప్తది. గది సరే గని, గింత ఉన్నోనివి, పట్నం ఇడిచి సర్కారు దవాఖానకెందుకొచ్చినవు?"

"పట్నంల ఏ దవాఖానకు పోయినా మనూరోళ్లే. వరంగల్ పోతె లిఫ్టుల మా వియ్యంకుడు ఎదురువడ్డడు. ఈడికైతె మనోళ్లెవలు రారని వచ్చిన."

"మేమొస్తం గదా."

"మీరంటే... అట్ల గాదు. మనోళ్లంటే..."

"సమజైంది పటేలా. మేం లెక్కల రాం."

"నీ నోరు ఎన్నడు ఊకుంటది? ఎలక్షన్లు దగ్గరికొచ్చినయి. సర్పంచ్ సీటు ఈపాలి ఆడోళ్లకు రిజర్వయింది. మా ఇంటామె కరుణను నిలవెడుతున్న. నాకు గిదున్నదని తెలిస్తె ఓట్లు పడయి."

"నిలవడేది ఆమె. గడ్డ నీకు. ఓట్లెందుకు పడయి?"

"సర్పంచ్ గిరి చేసేది నేనే గదా! అంటే... ఆమె పేరు మీద."

"ఆహా. మరి కాళ్లెందుకు గట్ల లేపి పెట్టుకున్నవు? గచ్చుకు ఆనిస్తలేవు."

"గచ్చు సల్లగున్నది."

"సల్లగుంటె మంచిదే గదా."

"నీకు మంచిది. నాకు కరెంటు కొట్టినట్టయితది."

"మండుతున్నయా?"

"ఏవి?"

"అరికాళ్లు."

"లేదు."

"పటేలా."

"లేదన్న గదా! జర తిమ్మిర్లు. జర మంట. జర... అరే, నిప్పులల్ల నిలవడ్డట్టున్నది, సరేనా? బొంత అంచు తాకినా పానం పోతది."

"ఎప్పటి సంది?"

"ఎండకాలం పోయినకాడి నుంచి."

"ఏం చేస్తున్నవు మరి?"

"ఏమేమో చేసిన. ఆముదం రాసిన. ఉప్పునీళ్లల్ల పెట్టిన. యూట్యూబుల ఒకడు మంచునీళ్లల్ల ముంచుమన్నడు."

"ముంచినవా?"

"ముంచిన. నా అరుపుకు కరుణ ఉరికొచ్చింది. ఏందయ్యా అంటె, తేలు కుట్టిందన్న. ఇల్లంత వెతికింది పాపం, లేని తేలు కోసం."

"ఆమెకు చెప్పలేదా?"

"గడ్డ సంగతి ఎరుకనే. కాళ్ల సంగతే చెప్పలే. ఆమెకు చెప్తె డాక్టరుకు చెప్తది. గదంత ఒక ఎత్తు, గా మొక్కుడు ఒక ఎత్తు."

"ఏ మొక్కుడు?"

"కాళేశ్వరం పోయొచ్చిన అంటున్న గదా. తీర్థం పోయొచ్చినోని కాళ్లు మొక్కితె పుణ్యమని వాడకట్టంత వస్తరు. ఉత్తగ మొక్కి పోతరా? రెండు చేతుల పట్టుకుంటరు, పిసుకుతరు, కండ్లకద్దుకుంటరు. ముసలి బుచ్చి అయితె పట్టిన పాదం ఇడువనే ఇడువది."

"నీ కండ్లల్ల నీళ్లు కారుతయట గదా. ఎంత భక్తి పటేలకు అని బుచ్చి అందరికి చెప్పుకుంట తిరుగుతుంది."

"భక్తా! నా బొంద! పానం పోతుంటె నీళ్లు గాక ఏం కారుతయి?"

"మా గోరీ గూడ వచ్చి మొక్కిందట."

"ఆమెదే అందరికన్న గట్టి పట్టు."

"గొడ్డండ్లు పట్టే చేతులాయె. వద్దనరాదా?"

"ఎలక్షన్ల ముంగట కాళ్లు మొక్కేటోళ్లను వద్దంటరా ఎవలన్న? ఇంకోపాలి మొక్కున్రి అంటరు గని!"

"అయితె మొక్కిచ్చుకో. ఈడికి కారెవలు నడిపిండ్రు?"

"నేనే."

"గా కాళ్లతోని?"

"డ్రైవరును పెట్టుకుంటె ఊరంత చెప్తడు."

"కాలు బ్రేకు మీదున్నదా లేదా తెలుస్తదా నీకు?"

"తెలుస్తది... ఒక్కోపాలి వంగి చూసుకుంట."

"వంగి చూస్తె తొవ్వ ఎవలు చూస్తరు? అంటె పటేలా, మా తండ చత్రు మేకను గుద్దింది..."

"మేకనే అడ్డమొచ్చింది!"

"గుంజకు కట్టేసున్న మేక. ఇయ్యాల మేక. రేపు మనిషి అడ్డమొస్తె? ఇస్కూలు పోరగాండ్లు నడిచే తొవ్వ గది. డాక్టరుకు చెప్పు."

"చెప్ప."

"డాక్టరు అడుగుతలేడా?"

"వచ్చినప్పుడల్ల అడుగుతడు. కాళ్లు చేతులు తిమ్మిర్లెక్కుతున్నయా, మంటున్నదా అని. లేదు సార్, ఫస్ట్ క్లాస్ ఉన్న అంట. నిలవడి నవ్వుత గూడ."

"ఎందుకు గంత తిప్పలు?"

"సాంసన్ సారు ఎరుకనా నీకు? మహబూబాబాద్ నుంచి వచ్చేటోడు, పాత బడిపంతులు. నా పక్క మంచమే."

"ఎందుకెరుక లేడు? నేనొచ్చే వారాల గూడ వచ్చేటోడు. మందు ఎక్కినంతసేపు పాటలు పాడేటోడు."

"గా సారు, కాళ్లు మండుతున్నయని డాక్టరుకు చెప్పిండు. నేను చెవులార విన్న. మల్ల కనవడ్డడా? మంచం ఖాళీ. మందు బంద్ చేసి ఇంటికి తోలిండ్రు."

"తోలిండ్రని ఎవలన్నరు?"

"ఎవలనాలె? కనవడుతలేడు గదా! భయమైతుంది తుల్సీ. ఎవ్వలకు చెప్పలేదు, నీకు చెప్తున్న. నాకు ఇంక బతకాలనున్నది. కాళ్లు కాలితె కాలనీ, మందు ఆపితె నేనుండ. ఏందిట్ల చూస్తవు? తప్పా?"

"తప్పని ఎవలన్నరు? బతకాలనుకునుడు తప్పెట్లయితది. గని సాంసన్ సారును ఎవలు తోలలేదు. ఆయన భూపాలపల్లి పోయిండు, బిడ్డ దగ్గరికి. ఆడనే ఎక్కించుకుంటుండు."

"నీకెట్లెరుక?"

"మా పెద్దోడు కుమార్ ఆడ బొగ్గుబాయిల చేస్తడు గదా. చూసిండట."

"నిజంగ?"

"నేను గూడ చెప్పిన గదా డాక్టరుకు."

"నీకు గూడ మండుతయా?"

"మండేటియి. నీకన్న ఎక్కువనే. ఓ రోజు దైర్నం చేసి చెప్పిన. మందు జర తక్కువ చేసిండ్రు, గంతే. బంద్ చెయ్యలే. పండుకునేటప్పుడు ఏసుకోమని గోలీ ఇచ్చిండ్రు. ఇప్పుడు నాకేం తిప్పల లేదు. తీజ్ పండుగల మా ఆడోళ్లతోని ఆడిన గూడ."

"గోలీ పేరేంది?"

"పేరేమో. తెల్లగుంటది."

"తుల్సీ, నీ కాలికి నెత్తురు కారుతుంది."

"ఏది?"

"గదో, మడిమె కాడ. తుమ్మముల్లు దిగి విరిగింది. చూసుకోలేదా?"

"ఆ... బస్సు కోసం పొలంల వడి వచ్చిన. అప్పుడు గుచ్చుకున్నదేమో."

"నొప్పి లేస్తలేదా?"

"తండోళ్ల కాళ్లు పటేలా ఇవి. ముల్లుకు బెదురుతయా?"

"నిజమే. మీ కాళ్లే కాళ్లు. నాయి చిన్నప్పటి సంది బూట్లల్ల పెరిగినయి, గందుకే గిట్ల అఘోరిస్తున్నయి."

"అయితె ఇయ్యాల చెప్పు."

"వచ్చేసారి చెప్త."

"వచ్చేసారికి ఇంకో మేక పోతది."

"నువ్వు ముందుగాల పోయి రారాదు? నేను నీ ఎనక..."

"నా వంతు నీ తర్వాత."

"నువ్వు ఆడమనిషివి, ముందు పంపిస్తరు."

"నువ్వు సర్పంచ్‌వి."

"మాజీ."

"జగపతి గారూ, డాక్టర్ సార్ రమ్మంటున్నరు."

"వస్తున్న సిస్టరూ... తుల్సీ, బంద్ చేస్తె?"

"చెయ్యరు."

"ఒకవేళ చేస్తె?"

"చెయ్యరన్న గదా. ఉన్నదున్నట్టు చెప్పు. బొంత తాకితె అయ్యే తిప్పల, మంచునీళ్లు, బ్రేకు సంగతి, అన్ని చెప్పు."

"మేక సంగతి గూడనా?"

"మేక సంగతి చత్రుకు చెప్పు."

"నీ మాట మీద పోతున్న."

"పో పటేలా. నిమ్మళంగ. గడప చూసుకో."

జగపతి లోపలికి వెళ్లాడు. ఆయన బయటికి వచ్చేదాకా తుల్సీబాయి ఆ తలుపు మీది నుంచి చూపు తిప్పలేదు.

"తుల్సీ! ఓ తుల్సీబాయీ!"

"ఏమన్నడు? బంద్ చేసిండా?"

"జర కూసోనియ్యి."

"కూసొని చెప్పు. చేసిండా, లేదా?"

"చెయ్యలే. తిట్టిండు."

"తిట్టితె తిట్టనీ. తిట్టినంక?"

"ఇన్నొద్దులు ఎందుకు దాచినవన్నడు. నీ కాళ్లకు ఏమైతుందో నువ్వు చెప్పకుంటె నాకెట్ల తెలుస్తదన్నడు. ఇట్లనే దాచుకుంట పోతె నరాలు మల్ల బాగుగాకుంట పాడైతయట. మంట పెట్టే మందు ఒక్కటి తక్కువ చేస్తరట, తక్కినయి ఎప్పటిలెక్కనే. వైద్యమైతె ఆగదన్నడు."

"ఆగదన్నడా? గట్లనే అన్నడా, నువ్వు కలిపి చెప్తున్నవా?"

"గట్లనే అన్నడు! నాకెక్కే మందుకు సల్లదనం పడదట. సాక్సులు లేకుంట గచ్చు మీద కాలు పెట్టొద్దన్నడు. గా యూట్యూబోన్ని నమ్మినందుకు ఇంకోపాలి తిట్టిండు. కారు తాళం తీసుకొని శిరీష సిస్టరుకిచ్చిండు. కరుణకు ఫోన్ చేసి పిలిపిస్తరట. పండుకునేటప్పుడు ఏసుకునేటందుకు గోలీ రాసిండు."

"మందు ఇయ్యాలనే ఎక్కిస్తరా?"

"ఇయ్యాలనే. మంచం సదురుతున్నరు."

"సదురుడు నువ్వు చూసినవా?"

"చూసిన! నీకేంది గింత ఆరాటం? అంత నువ్వు చెప్పినట్టే అయింది. ఒక్కటే తేడా. సాంసన్ సారు సంగతి అడిగిన. భూపాలపల్లి గాదట. మహబూబాబాద్ దవాఖానలనే ఎక్కించుకుంటుండట, ఇంటికి దగ్గరని."

"మహబూబాబాదా? మంచిగున్నడట గదా?"

"మంచిగనే ఉన్నడట. మరి నీ కొడుకు భూపాలపల్లిల చూసిండంటివి?"

"ఏదో ఒక ఊరు. బతికున్నడు, గది చాలు."

"తుల్సీ."

"ఊఁ."

"నీ గోలీ చూపెట్టు. నాకు రాసింది అదేనో కాదో చూస్త."

"నాకేడిది గోలీ?"

"డాక్టరిచ్చిండంటివి గదా!"

"చెప్తె గదా ఇచ్చేది. నేనింక చెప్పనే లేదు. రెండు కాళ్లు ఉన్నయో లేవో తెలుస్తలేదు నాకు. తీజ్‌ల ఆడోళ్లందరు ఆడుతుంటె మూలకు కూసొని ఏడ్చిన. చెప్పుదామంటె నోరు రాలే. నేను గూడ సాంసన్ సారు మంచమే చూసిన పటేలా, నాకు గూడ బతకాలనున్నది."

"అంటే... ఏమైతదో చూద్దామని నన్ను ముందుగాల తోలినవా?"

"కరోనా సూదొచ్చిన యేడు నువ్వు మా తండను ముందుగాల తోలలేదా పటేలా? మేం చావలేదని నిఖార్సుగ తెలిసినంకనే గదా నువ్వు చెయ్యి చాపింది. జరుగు, నేను గూడ పోయి చెప్పొస్త."